కంచి గుడిలో కూత

ధనంజయ వాళ్లమ్మకు ఈరప్ప మద్రాసు నుంచి రాసేది. అందరం బాగున్నాం. జనంలో తప్పిపోతానని భయపడి నువ్వు రాకపోవడం తప్పు. సముద్రం చూశాను. మన తాలూకా చెరువులన్నీ దాని ఒక మూలకు చాలవు! నిన్న కంచి గుడి రద్దీలో మనవాళ్లంతా చెదిరిపోయారు. ఫోనులు బయటే వదిలాం. నేను మంటపమెక్కి, గొర్రెలను మళ్లించే కూత వేశాను. అందరూ పరుగెత్తి వచ్చారు.

“పరువు తీసినావు గదా తాతా!” అంది మనవరాలు భూమిక.

“దొరికినావు గదమ్మే, ఇంక పరువేంటికి?” అన్నాను.

చూడిగొర్రె ఈనిందా? దాన్ని నా తమ్ముడికి అప్పగించు. వల్లూరు సోలారు ప్లాంటులో పనిచేసే మన ఊరి గిరీశ్ శనివారం ఇక్కడికి వస్తున్నాడు, వాడితో బస్సెక్కు. మహాబలిపురం నువ్వొచ్చాకే చూస్తాను. తమ్ముడి పిల్లలకు దీవెనలు. నువ్వు తప్పిపోతే గొర్రెల కూత వేయనులే. ఇన్నేళ్లూ నోట పలకని నీ పేరే, భాగీరథీ అని నడిగుళ్లో అరుస్తాను.