మా అత్తగారి ‘సరే’ను సమ్మతిగా లెక్కించరాదని మనవి

లైసెన్సుల అధికారి గారికి,
వాక్, శ్రవణ చికిత్సకుల మండలి కార్యాలయం,
రెండో అంతస్తు (లిఫ్టు పనిచేయుట లేదు).

అయ్యా,

విషయం: మా వీధిలోని స్పీచ్ థెరపిస్టు గారికి లైసెన్సు మంజూరు చేయుట గురించి, అంతవరకు మా అత్తగారిని పరీక్షించుటకైనా తాత్కాలిక అనుమతి ఇచ్చుట గురించి.

పై విషయమై ఇదివరకు పెట్టుకున్న అర్జీలకు వాయిదా తప్ప జవాబు రానందున మళ్ళీ మొదటినుంచి మనవి చేసుకొనుచున్నాను. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ను. అత్తగారికి మాట రావాలని అల్లుడు అర్జీ పెట్టడం ఈ కార్యాలయం పుట్టాక ఇదే మొదలని తమ గుమాస్తాగారు నవ్వినారు. నేనూ నవ్వినాను. తర్వాత కూర్చోమన్నారు గాని అక్కడ కుర్చీ లేదు.

1. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయినవి. ఎదుటివారు చెప్పేది చాలావరకు తెలుస్తున్నట్టే ఉన్నది. నోట్లో మాత్రం ఒకే మాట మిగిలినది: ‘సరే’. తింటారా అంటే సరే, వద్దా అంటే సరే. నా పెళ్ళినాటి నుంచి నేను చెప్పిన ఏ మాటకూ ఈవిడ సరే అని ఎరుగదు. నేను తూర్పంటే ఆవిడ పడమర. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలన్న దానికి కూడా మాకు తగవే. ఇప్పుడు తగవు లేని మా ఇంట్లో నాకు ఊపిరాడుట లేదని సిగ్గు విడిచి రాసుకొనుచున్నాను.

2. సదరు థెరపిస్టు గారు వేరే రాష్ట్రంలో లైసెన్సు పొంది, చాలా ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, భర్తగారి బదిలీ మీద మా వీధికి వచ్చినారు. మొదట వస్తువుల పేర్లు పలికిస్తారనుకున్నాను. ఆవిడ పేర్ల జోలికే పోలేదు. అత్తగారికి గిట్టని వస్తువు ఏదో ఒకటి చేతికిచ్చి, దాన్ని తోసేయమని, తోసేటప్పుడు తల అడ్డంగా ఊపమని నేర్పుచుండిరి. ఇదేం చదువమ్మా అని అడిగితే, “ముందు వద్దనడం రావాలండీ. పేర్లదేముంది, నిదానంగా వస్తాయి. వద్దనలేని మనిషిని ఎవరైనా ఎటైనా తీసుకుపోతారు” అన్నారు. అత్తగారు తోసేయడం దాకా వచ్చినారు. తల ఊపడం రాకముందే తమ నోటీసు వచ్చినది.

3. బయటి లైసెన్సు ఇక్కడ చెల్లదనీ, ఒక ఏడాదిపాటు ఇదే ఊళ్ళోని పర్యవేక్షకుల ఎదుట, ఒకే గదిలో కూర్చుని పనిచేసిన మీదటే కొత్తది ఇవ్వబడుననీ ఆ నోటీసు సారాంశం. నిబంధనతో నాకు పేచీ లేదు. నేనూ లైసెన్సు మీద బతికేవాణ్ణే. లైసెన్సు లేనివాడు చెయ్యిపెట్టిన లిఫ్టు నేను ఎక్కను. కాని మా ఊళ్ళో పర్యవేక్షకులు ఎవరున్నారని అడుగగా తమవారు ఒకే ఒక పేరు చెప్పినారు. అది ఆవిడ పేరే. ఇంత అనుభవం ఉన్నందున దరఖాస్తు అందగానే పర్యవేక్షకురాలిగా ఎక్కించినారట. లైసెన్సుకు మాత్రం పర్యవేక్షకురాలి సంతకం కావలెనట. ఆవిడకు ఎదురుగా ఆవిడే కూర్చోవాలంటే మా ఇంట్లో రెండు కుర్చీలు వేయించుటకు సిద్ధంగా ఉన్నాను.

4. ఇది ఇట్లుండగా, బజారులో చెవి మిషన్లు అమ్మే ఒకతను ‘వినికిడి సలహాదారు’ అని బోర్డు పెట్టుకున్నాడు. సలహాకు లైసెన్సు అక్కరలేదట. మా బావమరిది ఆశకొద్దీ తల్లిని అక్కడికి తీసుకుపోయినాడు. “సరిగ్గా వినపడట్లేదా అమ్మా?” అంటే సరే. “మిషను పెట్టేద్దామా?” అంటే సరే. ఆవిడవి పాము చెవులు. నేను వీధి మలుపులో గొణుక్కున్నది వంటింట్లో ఉండి వినేవారు. ఇప్పుడు ఆ మిషను పెట్టాక పక్కింట్లో గిన్నె పడినా ఉలిక్కిపడుచున్నారు. చదివినవారికి అడ్డు, చదవనివారికి రాజబాట అన్నట్టుంది వ్యవహారం.

5. పోయిన విచారణకు అత్తగారిని తప్పక హాజరుపరచమన్నారు. లిఫ్టు సంగతి పైన రాసినాను. చక్రాల కుర్చీతో సహా మెట్లమీదుగా మోసుకొచ్చినాము. గుమాస్తాగారు మర్యాదగానే అడిగినారు: “ఏమ్మా, వచ్చే సమావేశం దాకా ఆగుతారా? అభ్యంతరం లేదుగా?”

“సరే” అన్నారు అత్తగారు.

“ఆవిడ జబ్బే అదండీ” అన్నాను.

“మీరు ఆగండి. పేషెంటు చెబుతోంది కదా” అని, ‘పేషెంటు అంగీకారముతో వాయిదా వేయడమైనది’ అని రాసుకున్నారు. ఏ జబ్బు గురించి అర్జీ పెట్టుకున్నానో ఆ జబ్బునే సాక్ష్యంగా తీసుకుని నా అర్జీని పక్కన పెట్టినారు. మళ్ళీ మోసుకుని దిగినాము.

6. అసలు బాధ ఇది. మా బావమరిది తల్లిని వృద్ధుల ఆశ్రమంలో చేర్చదలచినాడు. చెడ్డవాడు కాడు. ఉద్యోగమూ ఈ సేవా కలిసి అక్కను నమిలేస్తున్నాయని అతని దిగులు, అందులో అబద్ధం లేదు. “వెళ్దామా అమ్మా?” అని అడిగినాడు. ఏమన్నారో తమరు ఊహించగలరు. “విన్నావుగా బావా, నేనేం బలవంతపెట్టట్లేదు. ఆ సరేకి అర్థం లేదని ఎవరిచేతనైనా రాయించుకురా, మానేస్తాను” అన్నాడు. ఆసుపత్రి డాక్టరుగారిని అడిగితే, అది స్పీచ్ థెరపిస్టు పరీక్షించి రాయవలసినదన్నారు. ఉన్న ఒక్క థెరపిస్టు రాస్తే చెల్లదు. రాస్తే ఆవిడకు జన్మలో లైసెన్సు రాదు.

అత్తగారు పోతానంటే నేనే బట్టలు సర్ది పంపుతాను. ఉంటానంటే కళ్ళకద్దుకుని ఉంచుకుంటాను. కాని ఆ రెండింట్లో ఏదో ఆవిడ చెప్పాలి, లేదా చెప్పలేకపోతున్నదని తెలిసినవారు చెప్పాలి. మనిషిని ఇల్లు దాటించేందుకు నోరుజారిన మాట సరిపోతే ఇక లైసెన్సులెందుకు, మండలి ఎందుకు అని ఒళ్ళు మండుచున్నది. ఈ వాక్యం కొట్టివేసి చదువుకొనగలరు.

కావున తమరు దయతలచి, పొరుగూరి పర్యవేక్షకుల నెవరినైనా ఒక్క పూట పంపియైనా, సదరు థెరపిస్టు గారు మా అత్తగారిని పరీక్షించి రాసి ఇచ్చునట్లు ఆదేశించవలెనని వేడుకొనుచున్నాను. తమకు తీరిక లేదని తెలుసును, మాకు వ్యవధి లేదని తమరును తెలుసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్ (లైసెన్సు కలదు)

తా.క.: బావమరిది ఆదివారం కారు తెస్తున్నాడు. ఈరోజు మధ్యాహ్నం మా ఆవిడ ఏడుస్తూ వాళ్ళమ్మ చీరలు పెట్టెలో సర్దింది. మేము ఇవతలికి వచ్చాక చప్పుడైతే తొంగి చూశాను. అత్తయ్య ఆ మంచి చేత్తోనే ఒక్కొక్క చీరా పెట్టెలోంచి లాగి, ఒళ్ళో వేసుకుని, కుర్చీని కాలితో నెట్టుకుంటూ పోయి బీరువాలో కుక్కుతోంది. కుక్కినంతసేపూ ‘సరే, సరే’ అంటూనే ఉంది. మీ రూలు ప్రకారం అందులో ఏది నమ్మాలో చెప్పే అర్హత నాకు లేదయ్యా. అర్హత ఉన్నావిడ మా వీధి చివర ఊరికే కూర్చుని ఉంది.