వెళ్తాం కాదు, వెళ్ళొస్తాం

డ్రెస్డెన్,
2025 మే 14, బుధవారం.

చిరంజీవి రవికిరణ్‌కు,

ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చెయ్యనివ్వలేదు. ఉత్తరానికి అడ్డుపడలేవు కనుక రాస్తున్నాను.

అవును, గీతిక వేసిన అక్షరాలను టర్పెంటైన్ గుడ్డతో నేనే చెరిపాను. నీ కూతురు ఏడ్చింది. తప్పు దిద్దాక ఓదారుస్తాను.

నీకు సగం సంగతే తెలుసు. యుద్ధకాలంలో మా నాన్న తిరుపతయ్య మద్రాసులో సైన్‌బోర్డులు రాసేవాడు. ఒక బాంబర్ సిబ్బంది తమ విమానం ముక్కు మీద బొమ్మ వెయ్యమని ఆయన్ను పిలిపించారు. దొరలు చాలీచాలని బట్టల అమ్మాయిని అడిగితే, ఆయన జరీచీర కట్టి నిలబెట్టాడట. వాళ్ళు నవ్వి, కింద మీ భాషలో ఏదైనా రాయమన్నారు. బర్మా మీదికి వెళ్ళిన ఆ విమానం తిరిగి రాలేదు.

అందులోని గన్నర్ కూతురే మార్గరెట్. అప్పటికి నెలల పిల్ల. ఇక్కడి జర్మన్‌ను పెళ్ళాడి ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. విమానం ఫొటోలోని రాత చదివిపెట్టమని తెలుగు సంఘానికి పంపితే, మూలనున్న సంతకం నేను పోల్చుకున్నాను. ఆ బొమ్మనే గీతిక తన యూనివర్సిటీ వర్క్‌షాప్‌లో రేకు మీద మళ్ళీ వేస్తోంది.

ఫొటోలో మొదట ‘వె’, చివర త ఒత్తు, సున్న మిగిలాయి. నడుమంతా మరక. గీతిక దాన్ని ‘వెళ్తాం’ అని పూరించింది. ఇక్కడ పుట్టిన పిల్ల. ట్రామ్‌కు పరిగెడుతూ కూడా “వెళ్తా నానమ్మా” అంటుంది, నేను వెనక్కి పిలిచి దిద్దుతాను. గడప దాటేవాళ్ళు ఆ మాట అనకూడదు. మా నాన్న దాన్ని విమానం మీద రాసి పంపే మనిషి కాడు.

దానికి నువ్వేమన్నావు? “వాళ్ళు ఎలాగూ రాలేదు కదమ్మా, వెళ్తాం అన్నదే కరెక్ట్. అయినా డ్రెస్డెన్‌లో తెలుగు ఎవరు చదువుతారు? అదే యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ బాంబులకు కాలిపోయిన ఊళ్ళో బాంబర్ బొమ్మే ఎక్కువ.”

నేను చదువుతాను.

నీకెన్నడూ చెప్పని మాట ఒకటి చెబుతున్నాను. మీ నాన్న ఆ ఉదయం స్కూటర్ తీస్తూ “వెళ్ళొస్తా మణీ” అన్నారు. మధ్యాహ్నం ఆయన్ను అంబులెన్స్‌లో తెచ్చారు. నువ్వు పసివాడివి. ఆయన రాలేదు కనుక ఆ మాటను నేను మార్చి రాసుకోవాలా? ఆ కుర్రవాళ్ళు కూడా వస్తామనుకునే వెళ్ళారు, రవీ. రానివ్వనిది యుద్ధం. వాళ్ళ మాట కత్తిరించే హక్కు ఎవరికీ లేదు.

రెండు మాటలకూ తేడా గీతిక చేత మార్గరెట్‌కు చెప్పించాను. ఆవిడ, “ఈ ఊరి మంటల్లో మా అత్తగారి చెల్లెళ్ళు పోయారు. వాళ్ళ ఫొటో పక్కనే దీన్ని తగిలిస్తాను” అంది. ఆవిడకు లేని భయం నీకెందుకు?

ఇక జరగవలసినవి:

1. గీతిక శుక్రవారంలోగా ‘వెళ్ళొస్తాం’ అని రాస్తుంది. ఒత్తులు నేను చూస్తాను.

2. యూనివర్సిటీలో బాంబర్ బొమ్మ వేసినందుకు ఆమె ప్రొఫెసర్‌కు నువ్వు రాస్తానన్న క్షమాపణ రాయవు.

3. ఆదివారం పొద్దున్నే మీ బ్యోబ్లింగెన్‌లో రైలెక్కి ఇక్కడికి వస్తావు. జీన్స్ వద్దు.

4. రేకు మీద గుడ్డ కప్పం. మార్గరెట్ ఇంటిదాకా వీధి వెంట చేతులమీద తీసుకుపోదాం. ముందు కొస నువ్వు పట్టుకుంటావు. ఇదేమిటని ఎవరు అడిగినా, ఆగి జర్మన్‌లో జవాబు చెప్పేది నువ్వే.

మీ అమ్మ,
బాలామణి