చీటీలోని కొలతలు

తమ్ముడికి పెద్దక్క ఆశీస్సులు.

పోయిన అలల స్వారీ పోటీలో అలలు నడుము దాటవని తెలిసీ, మేనమామవై ఉండి, నా కూతురికి పెద్ద అలలకు పనికొచ్చే సన్నటి సర్ఫ్‌బోర్డు ఇచ్చావు. దానితో పిల్లకు ఒక్క అల కూడా అందలేదు. నీ కూతురు గెలిచింది. “బోర్డుదేం తప్పు లేదక్కా, నీ పిల్లే బరువు” అని ఒడ్డున నవ్వావు.

మొన్న మా ఇంట్లో నువ్వు మరిచిపోయిన సంచిలో, నీ కూతురి బోర్డు కోసం రాసుకున్న చీటీ దొరికింది. “పొట్టిగా, కాస్త వెడల్పుగా, అడుగు చదునుగా ఉండాలి. మోకాలెత్తు అల నుంచి తలెత్తు అల దాకా ఇదొక్కటి చాలు” అని, కింద కొలతలు.

అచ్చం ఆ కొలతలకే నా కూతురికీ ఒకటి చేయించాను.

ఆదివారం పోటీకి ముందు వరుసలో కూర్చో. రోజూ ప్రార్థనలో నిన్నూ తలుచుకుంటున్నాను. నీ కూతురు ఓడితే, బోర్డుదేం తప్పు లేదని నేనే దగ్గరికొచ్చి చెబుతాను.

పెద్దక్క