పడమటి చేను, పూడిన బోదె

సత్యవతీ,

రేపు నీ సంవత్సరీకం. ఇవాళ పంచాయతీ ఆఫీసులో జరిగిన గొడవ నువ్వుంటే గుచ్చి గుచ్చి అడిగేదానివి, అందుకే రాస్తున్నాను.

మన పడమటి చేలో ప్లాట్లు వేసి, మట్టి తోలి మెరక చేశారు. మురుగుబోదె పూడిపోయింది. వానొస్తే కింది చేలు మునుగుతున్నాయి. కొత్తగా ఇళ్లు కట్టేవాళ్లు తలా కొంత ఫీజు కడితే కాలువ తవ్విస్తానని ప్రెసిడెంటు అంటే, ప్లాట్లవాళ్లు కుదరదన్నారు.

నేను లేచాను. "ఏటా ఇంటికో మనిషి పార పట్టుకొచ్చి బోదె బాగుచేసేవాళ్లం. మీరు పారా పట్టరు, ఫీజూ కట్టరు. కింది రైతు నారుమడి ఏమైపోవాలి?"

అక్కడ ఇల్లు కడుతున్న మాస్టారొకాయన నవ్వాడు. "ఆ చేను అమ్మింది తమరే కదండీ, తాతగారూ!"

అందరూ నవ్వారు. నీ ఆపరేషన్ కోసం అమ్మానని చెప్పొచ్చు. కానీ నీ జబ్బు వాళ్ల నోళ్లలో నానడం నాకిష్టం లేదు. కూర్చున్నాను. ఫీజు సంగతీ తేలలేదు.

చేను అమ్మొద్దని కాకినాడ ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నీ మాట వినలేదు. ఇప్పుడడిగినా విననే. ఇంకో చేనుంటే అదీ అమ్మేవాణ్ణి.