కోత పండక్కి మొగ పీతలు

నవంబరు 4
ప్లాంటులో మురుగులోకి గాలి కొట్టే మోటారు మళ్లీ కాలింది. అది తిరక్కపోతే మాది మురుగు శుద్ధి చేసే ప్లాంటు కాదు, మురుక్కి మజిలీ. సార్ వచ్చినాడు, ముక్కు మూసుకున్నాడు, "వైండింగుకి పంపించండి, అందాకా బైపాస్ తెరవండి" అన్నాడు. తెరిచింది నేనే. నెల్లూరు మురుగంతా శుద్ధి లేకుండానే, నల్లగా కాలవలోకి... అక్కణ్ణించి కాలవ సముద్రంలో కలిసే మొగలోకి, సముద్రంలోకి.
"మైపాడు కాడ మనుషులు నీళ్లలో దిగతారు సార్."
"వానలు పడతా ఉండాయి కదమ్మా. కలిసిపోద్ది."
ఎందులో? మనుషుల కడుపుల్లోనా?

నవంబరు 6
మోటారు రాలా.

నవంబరు 7
మైపాడు నించి మేరీ వదిన ఫోను. అన్న పడవెక్కితే ఈమె మొగలో దిగి పీతలు పడతాది. ఆదివారం వాళ్ల చర్చి గుళ్లో కోత పండగ, తొలి పంట దేవుడికిచ్చేది. "ఈసారి ప్రథమ ఫలం నా పీతలే మే! ఒక్కోటి అరచెయ్యంత. రాకపోతే చూడు నీ సంగతి."
మొగలో దిగొద్దు వదినా... నోటిదాకా వచ్చింది. ప్లాంటు సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం ఉండదని సార్ మొన్ననే అన్నాడు. కాంట్రాక్టు బతుకు.
"వస్తాలే" అన్నా. థూ, నాదీ ఒక నోరేనా.

నవంబరు 9
గుళ్లో బల్ల ముందర గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల మూట. మధ్యలో వదిన బుట్ట. గోనె కింద కదలతా ఉండాయి. ఆరాధన అయినాక కానుకల వేలం. ఆ బుట్ట ఎవరింటికీ పోకూడదని నేనే పాట మొదలుపెట్టినా. మా వాళ్ల సంగతి తెలిసీ... ఒకరు పట్టు పడితే ఇంకొకరు వదలతారా, దేవుని సొత్తాయె! నేను పెంచేకొద్దీ పెంచినారు. సంఘపెద్ద దావీదన్న "సునీతమ్మ విశ్వాసం చూడండయ్యా" అని ఒకటే మురిపెం. ఆఖరికి వేలం నాకే కొట్టినారు. చప్పట్లు. వదిన కళ్లల్లో నీళ్లు - "నా పీతలకి ఇంత పాట ఎప్పుడూ రాలా మే."
సిగ్గుతో చచ్చిపోయినా. ఇంటికొచ్చి పెరట్లో గుంట తీసి పూడ్చేసినా. దేవుడికిచ్చినవి.

నవంబరు 10
"కూర ఎట్టుండింది?"
"బ్రమ్మాండం వదినా."
నా నోరు పడిపోను.

నవంబరు 12
ఇప్పుడు ఊరంతా మొగ పీతలే కావాలంటా ఉండారంట. నెల్లూరు ఆడబిడ్డ అంతగా పాడుకునిందంటే ఊరికేనా అని. వదిన రోజూ దిగతాంది. ఇంట్లో కూరా అదే. ఆపుదామని వేలం పాడితే నేనే ఎగదోసినట్టయింది.
మోటారు ఎప్పుడొస్తాది సార్ అంటే "నీకెందుకమ్మా అంత ఆత్రం" అంటాడు.
బైపాస్ చక్రం పట్టుకోని చానాసేపు నిలబడినా. మూస్తే మురుగు వీధుల్లోకి ఎగదన్నతాది. తెరిచి పెడితే వదిన కాళ్ల కాడికి. మూయలా.

నవంబరు 14
పొద్దున్నే ఫోను. వదిన చిన్నకూతురికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయినాయంట. ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి వస్తా ఉండారు.
"దిష్టేమో మే... ఊరు ఊరంతా మా పీతల మాటే కదా. డాక్టరు ఏం తినిందని అడిగితే ఏం చెప్పను? ఇంటి కూడే తినింది."
చెప్పు. ఇప్పుడన్నా చెప్పవే, సునీతా.
"నువ్వు ప్రార్థన చెయ్యి మే. ఫోన్లోనే చెయ్యి. నీ మాట దేవుడు వింటాడు."
"తండ్రీ..." అన్నా.

ఆటో చప్పుడు. బిడ్డ మూలుగు. అవతల వదిన, ఆమెన్ అనడానికి కనిపెట్టుకోని ఉండాది...