శుభ్రం చేయడమైనది

ఫిబ్రవరి 23, సోమవారం

తాండూరులో విచారణ. ఎండ అప్పుడే ముదిరింది. నాపరాళ్ల లారీల వెనక దుమ్ము తింటూ పోవడం, దుమ్ము తింటూ రావడం.

పొద్దుటి నుంచీ మామూలు ఫిర్యాదులే — వెలగని వీధి దీపం, పొంగే మోరీ, ఇంటి నంబరు ఇవ్వని పంచాయతీ. చివరికి పెద్దసానపల్లి నుంచి సుగుణమ్మ. యాభై దాటిన మనిషి, సొంత కందిచేను, మాట గట్టి. ఇల్లు ఊరి నీళ్ల ట్యాంకు పక్కనే. కొంగు చాటు నుంచి సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. అడుగున సన్నటి ఎర్ర పురుగులు కదులుతున్నాయి.

"మా మనవరాలు తాగుతది మేడం ఈ నీళ్లు. సర్పంచుకు చెప్పిన, కార్యదర్శికి చెప్పిన. ట్యాంకు కడిగి ఏండ్లయింది. మీరన్న జర గట్టిగ చెప్పుండ్రి."

అంబుడ్స్‌మన్ అంటే ఏమిటో చెప్పబోయాను — పంచాయతీ మీద ఫిర్యాదు వింటాను, జవాబు అడుగుతాను, పైకి సిఫారసు చేస్తాను, శిక్ష వేయలేను... ఆమె వినడం లేదు. సీసానే చూస్తోంది.

నోటీసు టైపయ్యాక కింద నా చేత్తో ఒక వాక్యం కలిపాను. వెంటనే శుభ్రం చేసి, ఫొటోతో సహా జవాబు పంపాలి. ఫొటో అడగకపోతే కడగకుండానే కడిగామని రాస్తారు. ఇన్నేళ్లు వకీలుగా నేర్చుకున్న తెలివి.

ఫిబ్రవరి 25

వికారాబాద్‌లోనే. పని లేదు. మా ఆయనతో అనంతగిరి వైపు నడక. దారంతా మోదుగు పూలు. మోకాలు నొప్పి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పెద్దసానపల్లి జవాబు అప్పుడే వచ్చేసింది. కార్యదర్శి స్రవంతి సంతకం. "నీటి ట్యాంకు శుభ్రం చేయడమైనది." కింద ఫొటో — ట్యాంకు నిచ్చెన మీద సగం దాకా ఎక్కిన మనిషి. భుజాన బకెట్. కిందికి చూసి నవ్వుతున్నాడు.

మా అటెండరు యాదయ్య: "గింత జల్ది జవాబు నా సర్వీసుల చూడలే మేడం."

ఫైలు మూసేశాను. రాత్రి అన్నం తింటూ ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మార్చి 3, మంగళవారం

సుగుణమ్మ ఫోను. పురుగులు లేవట. కానీ నీళ్లు వాసన.

బ్లీచింగ్ ఎక్కువ వేసి ఉంటారన్నాను.

"బ్లీచింగ్ వాసన నాకెరుక లేదా మేడం. ఇది వేరే."

మళ్లీ రాసి పంపమన్నాను. మూసేసిన ఫైలు తెరవాలంటే కొత్త దరఖాస్తు కావాలి. ఆ మాటా చెప్పాను ఆమెకు.

మార్చి 5, గురువారం

రాయలేను ఇవాళ.

మార్చి 6, శుక్రవారం

నిన్నటిది. వరసగా రాయాలి. రాస్తే తప్ప నిలబడేలా లేను.

పొద్దున ఆఫీసు తీసేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు హసీనా. పెద్దసానపల్లి పంచాయతీలో నీళ్లు వదిలే మైబు భార్య. తల్లికి బాగాలేక చించోళి పోయిందట, కర్ణాటకకు. తిరిగి వచ్చేసరికి ఇంటికి తాళం. మైబు ఫోను కలవడం లేదు. పంచాయతీలో అడిగితే — పని ఇడిసిపెట్టి పోయిండు, మాకేం తెలుసు...

"నాకు చెప్పకుంట యాడికి పోతడు మేడం. రంజాన్ నెల, రోజా ఉంటున్నడు, పొద్దుమీకి ఉపవాసం ఇడిసెతందుకు ఇంట్ల ఉండాలె గదా. చెప్పులు గూడ ట్యాంకు కింద్నే ఉన్నయ్."

నేను కాగితం మీద ఆమె పేరు రాస్తున్నాను. ఊరి పేరు రాశాను. అక్కడ కలం ఆగింది.

చెప్పులు ట్యాంకు కింద.

యాదయ్యను మూసిన ఫైలు తెమ్మన్నాను. ఫొటో తీసి ఆమె ముందు పెట్టాను. "మా ఆయనే" అంది. నవ్వింది కూడా, ఆ నవ్వు చూసి.

పక్క గదిలోకి పోయి స్రవంతికి ఫోను చేశాను. కడిగాడు మేడం, మర్నాటి నుంచి రాలేదు, అంది. కిందికి దిగడం చూశావా అని అడిగాను. అటు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. మళ్లీ అడిగాను. ఫోను పెట్టేసింది.

తాండూరు పోలీసులకు నేనే చెప్పాను. ఫైర్ వాళ్లను వెంటబెట్టుకుని రమ్మన్నాను. హసీనాను మా కారులోనే ఎక్కించుకున్నాం. ధారూరు దాటాం. తర్వాత ఆమె నెమ్మదిగా — "ఫొటో మళ్లొక్కసారి చూపిస్తరా మేడం."

ట్యాంకు కింద ఊరంతా ఉంది. అప్పటికే అందరికీ అర్థమైంది. పైకి ఎక్కిన ఫైర్ మనిషి, సగం తెరిచి ఉన్న మూతను పూర్తిగా జరిపి లోపలికి లైటు వేశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు. కిందికి చూసి చేయి మాత్రం ఊపాడు.

ఎవరో వాంతి చేసుకున్నారు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. ఇన్ని రోజులూ ఆ నీళ్లే... వంటకు, పసిపిల్లల పాలలోకి, రోజా విడిచేటప్పుడు మసీదులో.

హసీనా ఏడవలేదు. ట్యాంకు నల్లా నుంచి ఒక్కొక్క చుక్క కారుతోంది. పోయి దాన్ని గట్టిగా తిప్పి కట్టేసింది.

మార్చి 7

నల్లా తిప్పాను. ముఖం కడుక్కోలేకపోయాను. ఆయన బిందెతో బావి నీళ్లు తెచ్చి పెట్టాడు.

మార్చి 9, సోమవారం

సర్పంచ్ వికారాబాద్ వచ్చాడు, ఇద్దరు మనుషులతో. ఇస్త్రీ చొక్కా. కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"తాగి ఎక్కిండు మేడం. మేం ఎక్కుమనలే. ఊర్ల ఎవల్నన్న అడుగుండ్రి."

లిఖితంగా ఇవ్వమన్నాను. రాసే తెచ్చాడు. కింద సాక్షుల సంతకాలు.

నేను కాదనలేదు, ఔననలేదు. మధ్యాహ్నం హసీనాకు ఫోను చేసి ఆ మాట చదివి వినిపించాల్సి వచ్చింది. పద్ధతి అది — ఎదుటి పక్షం చెప్పింది తెలియజేయాలి.

"పొద్దంత ఉమ్మి గూడ మింగని మనిషి మేడం. గాయన తాగి ఎక్కిండా?"

మార్చి 10

స్రవంతి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. మొదటి ఉద్యోగం. నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ నోటీసు చూసి సర్పంచ్ సార్ గరమైండు మేడం. గీ కిరికిరి నాకొద్దు, రేపటికల్ల ఫొటో పోవాలె అన్నడు. మైబన్న ఇంకో మనిషిని ఇయ్యుమన్నడు. రోజా ఉన్న, లోపల ఒక్కడితోని కాదన్నడు. ఎవరు దొరకలే. నువ్వైతే ఎక్కు, ఫొటో తీస్త, తర్వాత చూద్దామన్న."

"తర్వాత?"

"తాండూర్ల మీటింగుండె. పోయిన. మర్నాడు రాకపోతే అలిగి అత్తగారింటికి పోయిండనుకున్నం. నేను తిరిగి పోయి చూడలే మేడం. చూడలే."

సర్పంచ్ చెప్పింది అబద్ధమని రాసి ఇస్తావా అని అడిగాను. ఉద్యోగం పోతుందంది. తర్వాత కాగితం అడిగి తీసుకుంది.

ఇంట్లో ఆయన అంటాడు — నీ తప్పేముంది, పద్ధతి ప్రకారమే చేశావు కదా. నిజమే. అన్నీ పద్ధతి ప్రకారమే. ఫిర్యాదు, నోటీసు, జవాబు, ముగింపు.

మార్చి 12, గురువారం

పోస్టుమార్టం సంగతి ఎస్సై ఫోనులో చెప్పాడు. పడి చనిపోలేదట. బ్లీచింగ్ ఘాటుకు స్పృహ తప్పి ఉంటాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్లు.

రెండుసార్లు చెప్పించుకున్నాను. అంటే నీళ్లు వచ్చేటప్పటికి బతికే ఉన్నాడు. ఖాళీ ట్యాంకులో మనిషి ఉండగా ఎవరో మోటారు వేశారు.

ఎవరు? సర్పంచ్ తనకు తెలియదంటాడు. స్రవంతి ఆ పూట ఊళ్లోనే లేదు. ఊరు మాత్రం సర్పంచ్ తమ్ముడి పేరు చెబుతోంది — మైబు లేని రోజు మోటారు వేసేది అతనేనట. హసీనా కూడా అదే నమ్ముతోంది.

సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. బంధువులందరూ వెళ్లిపోయారు. సుగుణమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. రోజూ వచ్చి ఇఫ్తార్ వేళకు ఏదో ఒకటి వండి పెట్టి పోతోందట. నన్ను చూసి తల వంచుకుంది, పలకరించలేదు.

హసీనా నా ఎదురుగా కూర్చుంది.

"నోటీసు రాసింది మీరేనట గదా మేడం."

ఔనన్నాను.

"జల్ది కడుగుమని రాసిండ్రట. ఫొటో పెట్టుమని గూడ."

ఔనన్నాను.

"తాడు కట్టి ఎక్కియ్యుమని గూడ రాయకపోతిరి."

కోపం లేదు గొంతులో. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. నేను రాయలేదమ్మా, అన్నాను. తల ఊపింది. చాయ్ తాగుతారా అంది. తను మాత్రం రోజా ఉంది.

మార్చి 13

పై అధికారికి ఫోను చేసి అడిగాను — ఈ కేసులో నా నోటీసే ఉంది, ఇంకెవరికైనా ఇవ్వండి. నవ్వినట్టే అనిపించింది అటు. "మంచి నీళ్లు అడగడం నేరమా మేడం? మీరే వినండి. సోమవారం పెట్టండి."

పోలీసు కేసు వేరు. నేను తేల్చాల్సింది పంచాయతీ బాధ్యత — ఎవరు చెప్పారు, ఎవరు చూడలేదు, ఎవరు నింపారు. హసీనాకు ఏం రావాలో కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

మార్చి 14, శనివారం

ఇది రాయవచ్చో లేదో తెలియదు.

మధ్యాహ్నం రైలుకు సుగుణమ్మ వచ్చింది, ఆఫీసుకు కాదు, ఇంటికి. మంచినీళ్లు ఇస్తే పక్కన పెట్టింది. వరండాలోనే కూర్చుంది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

"మోటారు నేనేసిన మేడం."

అర్థం కాలేదు మొదట.

"పొద్దుమీకిదాక చూసిన. నల్లల నీళ్లు రాలే. ట్యాంకు కడిగిండ్రు గదా, ఖాళీ ఉంటది గదా అనుకున్న. స్విచ్చు డబ్బ మా గోడకే ఉంటది. నీళ్లు రాకుంటే ఎవలికి వీలైతే వాళ్లేస్తరు. నేను ఎన్నిసార్లేయలే... గా రోజు గూడ ఏసిన."

ఆమె చెప్పడం ఇంకా అయిపోలేదు.

"ఏసినంక జరసేపటికి లోపల దబదబమన్నట్టయింది. పావురాలనుకున్న. ట్యాంకు మీద మస్తు పావురాలుంటయ్ మేడం. పావురాలే అనుకున్న."

ఎంతసేపు అని అడిగాను. నా నోటి నుంచే వచ్చింది ఆ ప్రశ్న. వకీలు ప్రశ్న. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

"జరసేపే. మల్ల ఆగింది. ఇంట్లకు పోయి అన్నం వండిన."

ఆ నీళ్లతోనే. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు.

హసీనాకు చెప్పిందా? లేదు. కొడుక్కి? లేదు. ఎవరికీ లేదు. "మీకు చెప్తే ఏమైతదో నాకెరుక లేదు. కడుపుల పెట్టుకోని ఉండలేక వచ్చిన. రొట్టె చేసి పెడుతుంటే, అక్కా నువ్వొక్కదానివే నా దిక్కు ఉన్నవ్ అంటది మేడం గామె."

వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకోబోయి మానేసింది. స్టేషనుకు కారులో పంపాను.

మార్చి 15

పడుకోలేదు.

ప్రమాణం చేసి చెప్పిన మాట కాదది. విచారణలో చెప్పింది కాదు. మా ఇంటి వరండాలో ఒక ఆడమనిషి చెప్పుకున్న దుఃఖం. రికార్డులో లేదు. నేను పెడితే తప్ప ఉండదు.

పెడితే — సర్పంచ్ వకీలు దాన్నే పట్టుకుంటాడు. ఫిర్యాదు చేసినామే మోటారు వేసింది, మాకేం సంబంధం అంటాడు. ఒంటరిగా, తాడు లేకుండా, ఉపవాసం ఉన్న మనిషిని ఎక్కించినవాళ్లు చేతులు దులుపుకుంటారు.

పెట్టకపోతే — ఊరు ఇంకొకడి పేరు చెబుతోంది. వాడు ఆ పని చేయలేదని నాకు తెలుసు. తెలిసీ కూర్చోవాలి ఆ కుర్చీలో. హసీనా మొగుడు లోపలి నుంచి గోడ కొట్టాడన్న సంగతి... ఆమెకు తెలియాలా? తెలియకుండా ఉంచే హక్కు నాకు ఎవరిచ్చారు?

ఆయన అడిగాడు, ఏమంది ఆమె అని. ఏమీ లేదన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆఫీసు సంగతి ఆయన దగ్గర దాచడం ఇదే మొదలు.

మార్చి 16, సోమవారం

తాండూరు. విచారణకు ఇంకా టైముంది. గదిలో ఒక్కదాన్నే రాస్తున్నాను. యాదయ్య కుర్చీలు సర్దుతున్నాడు.

సర్పంచ్ ముందే వచ్చాడు, తమ్ముణ్ని వెంటబెట్టుకుని. ఆ తమ్ముడి ముఖం పీక్కుపోయి ఉంది. ఊళ్లో ఎవరూ మాట్లాడడం లేదట అతనితో. దూరంగా గోడకు ఆనుకుని స్రవంతి.

ఇప్పుడే ఆటో ఆగింది. కిటికీలోంచి కనిపిస్తున్నారు. ముందు హసీనా దిగింది. వెనక్కి తిరిగి చేయి అందించింది. ఆ చేయి పట్టుకుని సుగుణమ్మ దిగింది. ఎండ ఎక్కువగా ఉందని హసీనా తన దుపట్టా అంచు తీసి ఆమె తల మీద కూడా కప్పింది. ఇద్దరూ ఒక్క కొంగు కింద నడిచి వస్తున్నారు.

సుగుణమ్మ ఒకసారి తల ఎత్తి ఈ కిటికీ వైపు చూసింది.

యాదయ్య తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నాడు — "ముందుగాల ఎవల్ని పిలవాలె మేడం?"