రెండూ ఎడమ చేతులే

అన్నయ్యా,

నా కుట్టుమిషను అమ్మేద్దామంటున్నావట, వదిన చెప్పింది. అమ్మొద్దు.

ఒక కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టి, "నేను దేనికీ పనికిరాను" అంటూ మంచమెక్కినదాన్నే, కాదనను. డాక్టరమ్మ మందులతో పాటు రెండు పనులు చెప్పింది. "పనికిరాను" అన్న మాట మనసులోకి వచ్చినప్పుడల్లా దాన్ని రుజువు అడగాలి. బుద్ధి పుట్టకపోయినా రోజూ ఒక గుండీ అయినా కుట్టాలి.

నిన్న ఇంకో కోటుకు మళ్ళీ రెండూ ఎడమ చేతులే కుట్టాను! పాత మాట వెంటనే తయారు. "రుజువేదీ?" అని పైకే అడిగాను. కిటికీలోంచి చూస్తే, ఎదురింటాయన నేను కుట్టిన చొక్కా తొడుక్కుని దర్జాగా పనికి పోతున్నాడు. ఒక చెయ్యి విప్పేసి, మిగిలిన గుడ్డలో కుడిచెయ్యి కత్తిరించి కుట్టాను. కోటు బ్రహ్మాండంగా కుదిరింది.

ఆదివారం రా, నీ చొక్కాకి కొలతలు తీసుకుంటాను. తప్పు కుడితే, విప్పి మళ్ళీ కుడతాను.

నీ చెల్లెలు